రెండు చుక్కల నడుమ

గత సంవత్సరము మేము నిర్మించుకొన్న చిన్న పందెపు కారుకు జి.పి.ఎస్. రిసీవరును అమర్చినాము. తొలుత సీటు క్రింద దాచినాము. ఇనుపరేకు చాటున దానికి ఆకాశమే కానరాలేదు. స్థానము తేలుటకు కనీసము 4 ఉపగ్రహముల సంకేతములు అందవలెను గదా! పిమ్మట యాంటెన్నాను పైకమ్మీ మీదికి చేర్చినాము.

మైదానములో తొలి పరుగు ముగిసినది. మలుపు ముందరి కోను చేరకమునుపే వేగము తగ్గినట్లు గీత చూపినది. బ్రేకు తొందరపడి నొక్కుచున్నావని కారు నడిపిన మిత్రుని అందరము తప్పుపట్టినాము.

"కోను దాటాకే నొక్కాను" అన్నాడతడు.

యంత్రము అబద్ధమాడునా అని నవ్వినాము. అతడు హెల్మెట్టును బల్లపై పెట్టి వెళ్ళిపోయినాడు.

ఆ రాత్రి లెక్క చూచినాము. రిసీవరు సెకనుకు ఒక్కసారే వ్రాయుచున్నది. గంటకు 72 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 20 మీటర్లు! బ్రేకుకు ముందటి చుక్క నుండియే గీత వాలినది. ఆ వాలు కంప్యూటరు కల్పన, దానిని నమ్మినది మేము. సెకనుకు 10 సార్లు వ్రాయునట్లు మార్చినాము. అంత సమాచారమునకు 9600 బాడ్ చాలక 115200కు పెంచినాము. ఇక చుక్కకు చుక్కకు 2 మీటర్లే.

మరునాడు అతనిని వెదకి, క్షమాపణ కోరి, పిలుచుకొని వచ్చినాము. ఈసారి గీత కోను దాటిన పిదపనే వాలినది. అతడు దానిని చూచి, "టైర్లలో గాలి చూశారా?" అని మాత్రము అడిగినాడు.