చంటిబిడ్డతో ఆకాశయానం

గుంటూరు నుంచి ఒంగోలు దాకా పరుచుకున్న నల్లరేగడి నేలలు పత్తికీ, మిరపకూ పేరుపడ్డవి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ దారిన బస్సులో పోతే, కళ్ళాలలో ఎండబోసిన మిరపకాయలు ఎర్ర తివాసీలు పరిచినట్టు కనిపిస్తాయి. ఘాటుకు తుమ్ములు కూడా వస్తాయి.

ఈ ఊళ్ళనుంచి బతుకుతెరువు కోసం దూరదేశాలకు పోయినవారు ఎందరో ఉన్నారు. వారి దగ్గరికి భార్యాబిడ్డలు కూడా విమానం మీద వెళుతూ ఉంటారు. ఒకప్పుడు విమానమంటే శ్రీమంతుల వాహనం. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ అనే కంపెనీ పెట్టి మనదేశంలో చవక విమానాలకు దారి తీశాడు. 2022 అక్టోబరులో విజయవాడ దగ్గరి గన్నవరం నుంచి అరబ్బు దేశంలోని షార్జాకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం నేరుగా బయలుదేరింది. దూరం సుమారు 2,800 కిలోమీటర్లు; ప్రయాణం నాలుగు గంటలకు పైమాటే.

పిల్లలూ, అలాంటి ప్రయాణం ఒకటి మనమూ చేద్దాం. అమ్మా, మీరూ, ఏడాదిన్నర వయసు చెల్లీ షార్జాలో ఉన్న నాన్న దగ్గరికి వెళుతున్నారనుకోండి.

ముందు టిక్కెట్లు. రెండేళ్ళు నిండని బిడ్డకు వేరే సీటు అక్కర్లేదు; కొద్దిపాటి రుసుము కట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. రెండేళ్ళు నిండితే సీటు కొనవలసిందే. ఈ లెక్క టిక్కెట్టు కొన్ననాటిది కాదు, ప్రయాణం చేసేనాటిది. అక్కడ ఉండగా చెల్లికి పుట్టినరోజు వస్తే, తిరుగుప్రయాణానికి దానికి సీటు కావాలి. పాలు తాగే పాపకైనా సొంత పాస్‌పోర్టు ఉండాలి.

తరవాత సామాను. చవక విమానంలో టిక్కెట్టు చవకే గాని, బరువు చవక కాదు. చేతిసంచికి సాధారణంగా 7 కిలోలే హద్దు. అందుచేత అన్నీ ఇంటిదగ్గరే తూచుకోవాలి. మన కారప్పొడి చేతిసంచిలో ఉంటే తనిఖీవారు తీసేస్తారు. కళ్ళలో చల్లితే అదీ ఆయుధమే గదా! కారం పెద్దపెట్టెలోనే పోవాలి. ఎండుకొబ్బరికి అదీ లేదు. దానిలోని నూనెవల్ల వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉన్నదని 2022లో పెట్టెల్లో కూడా నిషేధించారు. ఇక గసగసాలు చిటికెడైనా తీసుకుపోకూడదు. అక్కడి చట్టం వాటిని మత్తుపదార్థాలతో జమకట్టింది. చంటిబిడ్డకు కావలసిన పాలూ, మెత్తని అన్నమూ మాత్రం చేతిసంచిలో పెట్టుకోవచ్చు. ఈ విమానాల్లో తిండి చాలావరకు కొనుక్కోవలసిందే గనుక ఇవి తప్పకుండా ఉండాలి.

విమానంలో నడవకు ఇటు మూడు, అటు మూడు సీట్లు. చెల్లి నడుముకు చిన్న పట్టీ కట్టి, దాన్ని అమ్మ పట్టీకి తగిలిస్తారు. మూడు సీట్లకూ కలిపి పైన సాధారణంగా నాలుగు ప్రాణవాయు తొడుగులు ఉంటాయి. నాలుగోది ఒళ్ళో బిడ్డకోసం. అందుకే ఒక వరసలో ఒక్క చంటిబిడ్డనే కూర్చోనిస్తారు. ఆ తొడుగులు కిందికి జారినప్పుడు ముందు అమ్మే తొడుక్కోవాలి. అంత ఎత్తున ప్రాణవాయువు చాలకపోతే నిమిషం లోపలే తెలివి తప్పవచ్చు. అమ్మకు తెలివి తప్పితే బిడ్డను చూసేదెవరు?

విమానం లేచింది. కాసేపటికి చెల్లి గుక్కపట్టి ఏడవసాగింది. పక్కవారు విసుక్కుంటారు, "ఎంత గారాబం!" అంటారు. అది గారాబం కాకపోవచ్చు. చెవినొప్పి అయిఉండవచ్చు.

తిరుమల కొండెక్కే బస్సులో చెవులు దిబ్బడవేయటమూ, గుటక వెయ్యగానే టప్పున తెరుచుకోవటమూ మీరెరుగుదురు. చెవిలోపల కర్ణభేరి అనే పల్చని పొర ఉన్నది. దాని వెనక గాలి నిండిన చిన్న గది. ఆ గదినుంచి గొంతు వెనకకు యూస్టేషియన్ నాళమనే సన్నని గొట్టం. మామూలుగా అది మూసుకుని ఉండి, మింగినప్పుడూ, ఆవలించినప్పుడూ తెరుచుకుంటుంది. చంటిపిల్లల్లో అది మరీ సన్నగా, పొట్టిగా ఉంటుంది.

35,000 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి నేలమీది ఒత్తిడిలో నాలుగో వంతు మాత్రమే. అందుకని విమానంలోకి గాలిని ఒత్తి నింపుతారు. అయినా లోపల ఒత్తిడి ఇంచుమించు ఊటీ కొండమీద ఉన్నంతే ఉండవచ్చు. పైకి పోయేటప్పుడు చెవి గదిలోని గాలి వ్యాకోచించి సులువుగా బయటికి పోతుంది. దిగేటప్పుడే చిక్కు. బయటి ఒత్తిడి పెరిగి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది; మింగితే తప్ప నాళం తెరుచుకోదు.

ఇది కళ్ళారా చూడాలంటే, ఆకాశంలో ఉండగా ప్లాస్టిక్ సీసాలో నీళ్ళన్నీ తాగేసి మూత గట్టిగా బిగించండి. దిగేసరికి సీసా నొక్కుకుపోయి ఉంటుంది.

మనది పత్తిసీమ గనుక కొందరు పిల్లల చెవుల్లో దూది పెడతారు. దూది చప్పుడును కొంత తగ్గిస్తుంది గాని ఈ నొప్పిని తగ్గించలేదు. చిక్కంతా కర్ణభేరికి వెనకవైపున ఉన్నది! మందు మరొకటి: గుటకలు. దిగటానికి అరగంట ముందు విమానం కిందికి వంగుతుంది. అప్పుడు చెల్లి నిద్రపోతూ ఉంటే లేపి, పాలో నీళ్ళో కొంచెం కొంచెంగా తాగించాలి. ఏడుపు కూడా ఆ నాళాన్ని కొంత తెరుస్తుంది. బిడ్డకు జలుబుగాని చెవిపోటుగాని ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించాలి. హాయిగా నిద్రపోతుందని దగ్గుమందు పట్టటం ప్రమాదం. డాక్టరు చెప్పనిదే ఏ మందూ ఇవ్వరాదు.

కనుక దిగేవేళ అమ్మ బిడ్డను పట్టుకుంటే, గిన్నె మీరు పట్టుకోండి. ఏడ్చేది పక్క సీటులోని పాప అయితే మొహం చిట్లించకండి. ఒక దాగుడుమూతల ఆట ఆడండి. ఇంతలో కింద ఇసుకనేల మీద షార్జా దీపాలు కనిపిస్తాయి. మీ గడియారాన్ని గంటన్నర వెనక్కు తిప్పుకుని, నాన్న ఎక్కడ నిలబడ్డాడో వెతకండి.