స్నానపుగది పంపు

పచ్చళ్ళను గూర్చియు, పసిబిడ్డల పెంపకమును గూర్చియు వ్రాయుట మనకు వాడుకయే గాని, పంపును గూర్చి వ్రాయుట మాకిదియే మొదలు. నవ్వక చదువుడు.

మా యిల్లు విజయవాడలో సత్యనారాయణపురమున నున్నది. పాతయింటిపై మేడ కట్టించినపుడు పైస్నానపుగదిలో షవరు పెట్టించితిమి. నీళ్ళట్యాంకు ఆ గదికప్పు మీదనే యుండుటచే జల్లు రాదయ్యెను. శివాలయములోని ధారాపాత్రనుండి జారినట్లు నీరు సన్నగా జారుచుండెను. పది మీటర్ల ఎత్తుననున్న నీటికి గాని చదరపు సెంటీమీటరునకు ఒక కిలో ఒత్తిడి రాదట. మాకున్న ఎత్తు రెండు మీటర్లే. కావున ట్యాంకునకును షవరునకును నడుమ ఒక చిన్న పంపు పెట్టించితిమి. కుళాయి విప్పగానే తనంత తిరుగును, కట్టగానే ఆగును. రెండేండ్లు మాకు దానివలన ఏ చిక్కును లేకుండెను.

2024 వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు కట్టలు తెగి అజిత్‌సింగ్ నగరు మునిగిన సంగతి మీ రెరుగుదురు. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించెను. ఆ నగరులో కాపురమున్న మా ఆడపడుచు, బిడ్డలతోను అత్తమామలతోను నడుములోతు నీళ్ళలో నడచివచ్చి మాయింట చేరెను. అందరము కలిసి పదునొకండ్రము. బురదలో తడిసి వచ్చినవారికి అన్నముకంటె ముందు కావలసినది స్నానము గదా! ఆ పదిదినములలో ట్యాంకు ఎన్నిమార్లు నిండెనో, ఎన్నిమార్లు ఎండెనో లెక్కించిన వారెవరు?

వారు తమయింటికి మరలి, గోడలు కడుగుకొనుచున్న దినములలో మా పంపు కారజొచ్చెను. మొదట చుక్క, పిమ్మట సన్నని ధార. మేము చేసిన వైద్యము చెప్పుటకు సిగ్గగుచున్నది: పాతగుడ్డ చుట్టి, క్రింద గిన్నె పెట్టితిమి. గిన్నె నిండినప్పుడెల్ల మొక్కలకు పోయుచు, నీరు వృథా కాలేదుగదా యని తృప్తిపడితిమి. ఇట్లొక మాసము గడచెను.

ప్లంబరు వచ్చి, గొట్టమును పంపును కలుపు యూనియను విప్పి, తెల్లని టేపు దట్టముగా చుట్టి బిగించెను. మరునాటి స్నానములు ముగియునప్పటికి మరల చుక్క. రెండవమారు వచ్చి పానాతో బలముకొలది బిగింపగా ప్లాస్టికు బిళ్ళ పగిలెను. అచ్చట నీటిని ఆపునది మరలు కాదనియు, లోపలి రబ్బరు వాషరనియు, టేపు చుట్టుట దండుగయనియు మాకు తరువాత తెలిసినది. మూడవమారు వచ్చి, పంపే పనికిరాదు, క్రొత్తది కొనుడనెను. మేమును ధరలు కనుగొనుచుంటిమి.

ఇంతలో ఒకనాటి ఉదయము, మాయింట పనిచేయు నామె ఆ గిన్నె తీయబోయి కెవ్వున కేకవేసెను. “అమ్మగారూ, మోటారు చేయి పట్టి లాగినదండీ!” అని వణకుచు కూర్చుండెను. మాకు కాళ్ళు చల్లబడినవి. చూడగా, ఎర్తుతీగ గోడవరకు వచ్చినదే గాని అచ్చట దేనికిని తగిలింపబడలేదు. కారిన నీరు మోటారులోనికి దిగి యుండెను. ఆమె చెప్పులతో నుండుటచే బ్రతికినది. ఇంతకాలము మేము గుడ్డ చుట్టినది నీటిచుక్కకు గాదు, ఆమె ప్రాణమునకు. ఆనాడే కరెంటు తీసివేయించి, ఎర్తు కలిపించి, 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పినను కరెంటును తెంచివేయు స్విచ్చిని పెట్టించితిమి.

పిమ్మట మోటార్లు బాగుచేయు మేస్త్రి యొకడు వచ్చెను. అతడు టేపు అడుగలేదు, ముగ్గుపిండి అడిగెను! పంపునంతయు పొడిగా తుడిచి, అతుకులన్నిటిపై పిండి చల్లి, తాను దూరముగా నిలిచి కుళాయి విప్పించెను. యూనియను మీది పిండి తెల్లగానే యుండెను. మోటారునకును పంపుపెట్టెకును నడుమనున్న సందున పిండి మొదట తడిసెను. నీరు అచ్చట పుట్టి, అడుగునంటి ప్రాకి, యూనియను క్రింద రాలుచుండెనన్నమాట. ఆ సందులో మోటారు ఇరుసు చుట్టు ఒక సీలు ఉండును: బొగ్గుబిళ్ళ యొకటి, పింగాణిబిళ్ళ యొకటి, వానిని అదిమిపట్టు స్ప్రింగు. కొద్దిపాటి వెలతో అది మార్చగా చుక్క ఆగెను.

మాసము తిరుగకమునుపే మరల కారెను. ఇక మా విసుగునకు మేర లేదు.

మా అత్తగారి పుట్టినిల్లు ఉయ్యూరు. ఆమె మేడయెక్కి, ఆ పంపును పరికించి, “అమ్మాయీ! మా పెరటి బోరింగులో ముందు చెంబెడు నీళ్ళు పోసి గాని కొట్టెడివారము కాము. తోలు ఎండిన బోరింగు నీళ్ళు పట్టదు. దీనికి నీళ్ళు ఎవరు పోయుదురు?” అని అడిగిరి. మేము నవ్వితిమి. మేస్త్రి మాత్రము నవ్వలేదు. సరాసరి ట్యాంకు మూత తీసి చూచెను. మధ్యాహ్నము పండ్రెండు గంటలు; ట్యాంకులో నీరు లేదు, అడుగున వ్రేలిమందము ఒండ్రు కలదు.

సీలులోని రెండు బిళ్ళల నడుమ పలుచని నీటిపొర యుండవలెను. అదియే వానికి నూనె. ట్యాంకు ఎండినపిదప పంపు ఉత్తిగా తిరిగినచో బిళ్ళలు రాచుకొని కాగి, అంచులు చిట్లి, రబ్బరు బిరుసెక్కును. ఒండ్రు చేరినచో ఆకురాయి పెట్టినట్లు గీతలు పడును. వరదదినములలో మొదటి సీలు అట్లే పోయినది. రెండవది మా మధ్యాహ్నపు స్నానములకు బలియైనది.

ట్యాంకు కడిగించి, గొట్టమున జల్లెడ బిగించి, నీరు తగ్గగానే పంపును ఆపునట్టి ఫ్లోటు స్విచ్చి పెట్టించి, మూడవ సీలు వేయించితిమి. ముగ్గుపిండి చల్లి మేమే రెండువారములు పరీక్షించితిమి, తడియన్నది లేదు.

సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చి తలంటుకొనుచుండగా పంపు టక్కున ఆగెను. “వదినా! కన్నులనిండ కుంకుడురసము!” అని లోపలినుండి గగ్గోలు. ఫ్లోటు స్విచ్చి తన పని తాను చేసినది. మా అత్తగారు అప్పటికే బక్కెట్టు నీళ్ళు, చెంబు పట్టించి మేడమీదికి పంపుచుండిరి.