ఒక్క చార్జింగులో సిక్కోలు

జనవరి 18, ఆదివారం రాత్రి, శ్రీకాకుళం

సైకిలు చేతికిచ్చే ముందు నా స్నేహితురాలు టీచరమ్మ నాకు పాఠం చెప్పింది. వెనక చక్రం హబ్బులో 250 వాట్ల మోటారు ఉంది. మనం తొక్కితే తోడొస్తుంది. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటగానే ఊరుకుంటుంది. ఆ హద్దులో ఉంటుంది కాబట్టే దీనికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. బ్యాటరీ తాళం తీస్తే ఊడి చేతికొస్తుంది. ఇంట్లో ఫోను పెట్టుకునే ప్లగ్గుకే పెట్టుకోవచ్చు, నిండడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తిగా నింపినా అర యూనిట్ కరెంటు కాలదు. మోటారు సాయం తక్కువలో పెట్టుకుని కాళ్లకు కూడా పని చెబితే యాభై కిలోమీటర్ల దాకా నడుస్తుంది.

మోకాళ్లు అరిగాయని తెలిశాక కొనుక్కుందట. "ఎత్తు వచ్చిన చోట ఇది తోస్తుందే, పల్లంలో నేను తొక్కుతాను. ఇద్దరికీ పొత్తు కుదిరింది" అంది.

మేమిద్దరం యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లం. ఎప్పుడు రమ్మన్నా విశాఖ దాకా వచ్చి ఆగిపోయేదాన్ని. చాలామంది అంతే. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను ఆమదాలవలసలో ఉంది, రైలు అక్కడ కాసేపు ఆగి పోతుంది. ఊరు అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. పనిగట్టుకుని దిగితే తప్ప ఈ ఊరు కనబడదు.

జనవరి 19, సోమవారం

పొద్దున్నే ఊళ్లోనే తిరిగాం. నాగావళిలో ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. వంతెన మీద ఆగి చూస్తే పొగమంచులో అవతలి గట్టు తెలియలేదు. గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరుణ్ణి చూసి, అక్కణ్ణుంచి జామియా మసీదుకు వెళ్లాం. గోల్కొండ నవాబుల తరఫున ఈ సీమను ఏలిన ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించాడు. చికాకోల్ సర్కారుకు ఈ ఊరే ముఖ్యపట్టణం అనీ, ఇక్కడి సన్నబట్టకు దూరదేశాల్లో పేరుండేదనీ పుస్తకాల్లో చదివిందే. మసీదు గోడ పక్క నిలబడ్డాక నమ్మకం కుదిరింది.

ఏడు రోడ్ల కూడలి దాటేటప్పుడు ఈ సైకిలుతో జాగ్రత్తగా ఉండాలి. చప్పుడు లేని బండి వెనక నుంచి వస్తోందని ఎవరికీ తెలియదు. టీచరమ్మ బెల్లు మీద నుంచి బొటనవేలు తీయలేదు.

విశాఖ-ఎ కాలనీలో కథానిలయం. దీనికోసమే వచ్చానన్నా అబద్ధం కాదు. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న తెరిచిన గ్రంథాలయం. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన కోరిక. లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి, రాసిన కథలు తక్కువ. 'యజ్ఞంతో తొమ్మిది'కి 1995లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. పేరు సంపాదించాక తన పుస్తకాల పని చూసుకోవడం మాని, ఇతరుల కథలు వెతకడానికి ఊరూరా తిరిగాడు. పాత పత్రికల కట్టలు, చిరిగిన సంచికలు, ఒక్క కథ రాసి ఊరుకున్నవాళ్ల పేర్లు. రాజధానిలో ఉండాల్సింది ఇక్కడ ఉందేమిటని ఒకప్పుడు నాకూ అనిపించేది. ఇవాళ అలా అనిపించలేదు. ఇలాంటి పని చేయడానికి కావలసిన ఓపిక ఈ ఊళ్లోనే పుట్టిందనిపించింది. 2021లో ఆయన కన్నుమూసిందీ ఇక్కడే.

టీచరమ్మ బీరువాల మధ్య చాలాసేపు నిలబడిపోయింది. ఆమె పాఠం చెప్పిన పిల్లల్లో ఒకడి కథ ఇక్కడుంది. ఏ సంచికో అడక్కుండానే వెతికి పట్టుకుంది.

జనవరి 20, మంగళవారం

శ్రీకూర్మం. ఊరు దాటాక కోసిన వరిమళ్లలో పెసర, మినుము పచ్చగా లేచాయి. ప్రతి కళ్లంలోనూ గడ్డికుప్పలే. రోడ్డు దాదాపు చదును. మోటారు సాయం ఒకటో అంకెలో పెట్టుకుంటే చాలింది, మాట్లాడుకుంటూ తొక్కాం. మోటారు సైకిలు మీద అయితే ముందు కూర్చున్నవాళ్లు అరవాలి, వెనకున్నవాళ్లకు సగమే వినబడుతుంది. ఇక్కడ పక్కపక్కన వెళ్లొచ్చు. వెనక ఆటో హారను కొడితే ఒకళ్లం వెనక్కి తగ్గుతాం, అది పోగానే మాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి అందుకుంటాం.

కూర్మనాథుడు పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలు. ప్రదక్షిణ మండపంలో నల్లరాతి స్తంభాల మీద శాసనాలు, గోడల మీద పాత రంగుల బొమ్మలు. రంగు వెలిసిన చోట కూడా గీత పోలేదు. 1281 నాటి శాసనంలో నరహరి తీర్థుల పేరుంది. మధ్వాచార్యుల శిష్యుడు, కళింగ రాజ్యపాలనలోనూ పాలుపంచుకున్నాడు. పూరీ నుంచి దక్షిణాదికి నడిచిన చైతన్యుడు ఇక్కడ ఆగాడు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఆకుకూర తింటున్నాయి. డొప్ప మీద నక్షత్రాల గీతలు ఒక్కోదానికి ఒక్కోలా ఉన్నాయి. ఒక పిల్ల వాటిని లెక్కపెట్టబోయి, అవి కదిలిన ప్రతిసారీ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

శ్వేత పుష్కరిణి మెట్ల మీద కూర్చున్నప్పుడు అనిపించింది, రాసుకోవాలి. అరసవల్లి నుంచి శ్రీకూర్మం, శ్రీకూర్మం నుంచి సముద్రం, అక్కణ్ణుంచి సాలిహుండం, ఏదీ ఒక పూట నడకకు మించదు. నడిచివెళ్లేవాళ్లు దప్పికేసిన చోట, పొద్దుగూకిన చోట ఆగారు. ఆగిన చోట గుడి, చెరువు, సత్రం వెలిశాయి. కారుకు ఇవి మరీ దగ్గర, అరగంటలో చూసేసి డోరు వేసుకుంటాం. మన బ్యాటరీకి మాత్రం ఈ దూరాలు కొలిచి పెట్టినట్టున్నాయి. టీచరమ్మతో అంటే, "మా అమ్మమ్మ శ్రీకూర్మానికి నడిచే వచ్చేదే. పొద్దున్న చద్దన్నం తిని బయల్దేరి సందేళకి ఇంటికి" అంది.

జనవరి 21, బుధవారం

దూరం వెళ్లలేదు. మధ్యాహ్నం చోడి అంబలి, బెల్లం ఆవకాయ. సాయంత్రం అరసవల్లి సూర్యుడి గుడి. ఆదివారం రథసప్తమి, క్యూలకు కర్రలు కడుతున్నారు, చలువ పందిళ్లు వేస్తున్నారు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి, అప్పుడూ జనమే. మాకు ఇవాళ ప్రశాంతంగా దర్శనం అయింది.

జనవరి 22, గురువారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

చీకటి ఉండగానే బయల్దేరదీసింది. కారణం దారిలో చెప్పింది. పొద్దున్న గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది, మధ్యాహ్నం సముద్రం నుంచి నేల మీదికి తిరుగుతుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ గాలి వీపునే ఉండేలా చూసుకుంటే బ్యాటరీ మిగులుతుంది. ఎదురుగాలి పెద్ద ఎత్తుకంటే ఎక్కువ తాగేస్తుందట. బడికి సైకిలు మీద వెళ్లిన రోజుల నుంచీ ఆమెకు ఇది తెలుసు.

సాలిహుండం వంశధారకు దక్షిణపు గట్టున కొండ. సైకిళ్లు కింద పెట్టి రాతి మెట్ల దారిన ఎక్కాం. ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు, ఒక స్తూపం అడుగున స్వస్తిక ఆకారంలో ఇటుకలు. క్రీస్తుకు ముందే మొదలై వందల ఏళ్లు బతికిన బౌద్ధ విహారం. హీనయానం నుంచి వజ్రయానం దాకా ఒకే కొండ మీద చూశారు. కింద ప్రదర్శనశాలలో తార, మారీచి విగ్రహాలు నిలబెట్టారు. రాతి భరిణెల్లో స్ఫటికపు భరిణెలు, వాటిలో బంగారు పూలు దొరికిన చోటు ఇదే.

ఈ కొండను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. ఈ సంగతి నాకు తెలిసినా ఇక్కడికొచ్చేదాకా దాని బరువు తెలియలేదు. మనమంతా ఆయన్ని వాడుక భాష గిడుగుగానే ఎరుగుదుం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ శాసనాల లిపి తనంత తాను నేర్చుకున్నాడు. సవరల ఇళ్లకు వెళ్లి వాళ్ల మాట నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశాడు. బడిలో పిల్లలకు ఎవరూ మాట్లాడని తెలుగెందుకని అడిగిన మనిషే, ఎవరూ పట్టించుకోని ఇటుకల గుట్ట దగ్గర కూడా ఆగాడు. అవి రెండు వేరు పనులని నాకు అనిపించడం లేదు.

పైనుంచి చూస్తే వంశధార వంపు తిరిగి సముద్రం వైపు వెళుతోంది. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏటి మొగ దగ్గర రేవు, రేవుకు పడవలు, పడవల్లో వచ్చే సరుకు, సరుకుతో పాటు దానాలిచ్చే వర్తకులు. టీచరమ్మ పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు చరిత్ర పుస్తకం తెరవనిచ్చేది కాదట. ఏరు ఎటు పోతోందో ముందు చూపించేదట.

కళింగపట్నం దారిలో సరుగుడు తోటలు, జీడిమామిడి, తాళ్లు. రోడ్డు పక్క ఒకామె కాల్చిన తేగలు అమ్ముతోంది. కొట్టుకు పోయే వైరు చూపించి, "ఆ పిలగ్గుకెట్టుకోండమ్మా, కరెంటు ఉన్నాది" అంది, మేం అడక్కముందే. బ్యాటరీలు అక్కడ పెట్టి, తేగలు చీల్చుకుని తింటూ కూర్చున్నాం. డబ్బులిస్తే తేగలకే తీసుకుంది.

తీరంలో ఇసుకలో సైకిళ్లు నడిపించుకునే వెళ్లాలి. లైట్‌హౌస్, మదీనా బాబా దర్గా, దూరంగా వంశధార సముద్రంలో కలిసే చోట తెల్లని గీత. ఇక్కణ్ణుంచి ఒకప్పుడు ఓడలు సరుకెత్తుకుని వెళ్లాయి. ఇప్పుడు మనుషులు వెళుతున్నారు. వల బాగుచేసుకుంటున్న ముసలాయనతో టీచరమ్మ మాట కలిపింది. కొడుకులిద్దరూ వీరావల్‌లో ఉన్నారు. "మన దరిని జెట్టీ నేదు, పెద్ద బోట్లు నేవు. ఏటి సేస్తారమ్మా" అన్నాడు. వానాకాలంలో గుజరాత్ వెళ్లి ఎండాకాలంలో తిరిగొస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంటే, విడుదలై ఇల్లు చేరేసరికి 2020 జనవరి అయింది. ఎదురుగా ఇంత సముద్రం ఉండగా, చేప కోసం దేశం అవతలి సముద్రానికి పోవలసి రావడం నాకు చాలా కష్టంగా తోచింది. వేల ఏళ్ల కిందటి రేవు గురించి కొండ మీద అంత గర్వంగా మాట్లాడుకున్నాం. ఈ దరిని ఒక జెట్టీ కట్టేదాకా ఆ గర్వం సగమే.

తిరుగుదారిలో టీచరమ్మ చెప్పినట్టే గాలి తిరిగింది. బ్యాటరీలో ఇంకా ఒక గీత ఉండగా ఇల్లు చేరాం.

జనవరి 23, శుక్రవారం

పొందూరు. చిలకపాలెం దాకా హైవే మీద లారీల గాలి, ఆ ముక్క నాకు నచ్చలేదు. అక్కడ మలుపు తిరిగాక మళ్లీ దారి మన చేతికొచ్చింది.

ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి నడుస్తోంది. పక్క వీధిలో ఒక అవ్వ ఇంటి వసారాలో పని చూడనిచ్చింది. కొండపత్తి. వాలుగ చేప దవడను చేత్తో పట్టుకుని ఆ సన్నని పళ్లతో పత్తిని దువ్వుతుంది. నలుసు, చెత్త పోయి పీచు అంతా ఒకే వైపుకు ఒరుగుతుంది. ఆ దవడ గోదావరి వైపు నుంచి రావాలి. తరవాత గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చేసి, ఎండిన అరటిదొప్పలో చుట్టి పెడుతుంది. దొప్పలో ఉంటే దుమ్ము పట్టదు, ఏకు నలగదు. ఆ తరవాత రాట్నం. వంద కౌంటు నూలు ఆమె వేళ్ల మధ్య నుంచి వస్తుంటే నాకు కళ్లకు ఆనలేదు, వేలితో తాకి చూస్తేనే ఉందని తెలిసింది. ఇంతటి నూలు నిజంగా చేతితోనే వస్తోందా అని చూసి రమ్మని గాంధీ తన కొడుకు దేవదాసును ఇక్కడికి పంపాడు.

"మా కోడలికి రాదు. నేరిపితానంటే కూకోదు. దీని మీద ఏటొస్తాది?" అంది అవ్వ, చెయ్యి ఆపకుండా. కోడల్ని తప్పుపట్టలేం. రోజంతా వడికినా చేతికొచ్చేది తక్కువ. బట్ట ధర చూసి ఎక్కువ అనుకునేవాళ్లు ఈ వసారాలో ఒక్క పూట కూర్చుని చూడాలని నా గట్టి కోరిక. నేను ఒక చీర కొన్నాను, బేరం ఆడలేదు.

రాత్రి: ఆదివారం రథసప్తమికి ఊళ్లోకి బళ్లు రానివ్వరు, అందుకని రేపే శ్రీముఖలింగం వెళ్లాలని నిర్ణయం. నలభై అయిదు కిలోమీటర్లకు తక్కువ కాదు, ఒక్క చార్జింగులో వెళ్లి రావడం కుదరదు. రథసప్తమి అయ్యేదాకా అక్కడే ఉండిపోతే సరి. తూర్పు గంగుల కళింగనగరం అది. మధుకేశ్వరుడి గుడి శాసనాలు గిడుగు చదివినవే, ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా అటే. జలుమూరులో టీచరమ్మ దగ్గర చదివిన అమ్మాయి ఉంది, ఫోను చేస్తే "మీరొస్తే వంట ఏటి సెయ్యమంటారు టీచరమ్మా" అని ముందు అదే అడిగింది. చార్జర్లు రెండూ నా సంచిలో పెట్టాను. నీళ్ల సీసాలు, దుప్పటి ఆమె సైకిలుకు.