స్టీరియోలో ముందు మార్చవలసింది ఏది?

ఇంట్లో సంగీతం వినడానికి అమర్చుకున్న స్టీరియోలో ప్రధానంగా మూడు భాగాలుంటాయి: రికార్డు నుంచో, సీడీ నుంచో, ఫోన్ నుంచో పాటను తీసి సన్నని విద్యుత్ సంకేతంగా అందించే మూల పరికరం, ఆ సంకేతానికి బలం చేకూర్చే ఆంప్లిఫైయర్, ఆ బలంతో గాలిని కదిలించే స్పీకర్ల జత. చేతిలో ఉన్నది 30,000 రూపాయలే అయి, ఈ మూడింటిలో ఒక్కదాన్నే మార్చుకునే వీలున్నప్పుడు, చాలామంది గృహస్థులు చూపులకు పాతబడినదాన్నో, దుకాణదారు గట్టిగా పొగిడినదాన్నో ఎంచుకుంటారు. ఎంపికకు ఇంతకంటే నమ్మదగిన ఆధారం ఒకటుంది. శక్తి ఒక రూపం నుంచి మరో రూపంలోకి మారే చోటే ధ్వని ఎక్కువగా చెడుతుంది కనుక, పరిమితమైన డబ్బు ముందుగా అక్కడే ఖర్చు కావాలి.

ఆంప్లిఫైయర్‌లోకి వెళ్లేదీ విద్యుత్తే, అందులోంచి వచ్చేదీ విద్యుత్తే. అసలు పాటలో లేని స్వరాలు పరికరం వల్ల వచ్చి చేరడాన్ని వక్రీకరణ అంటారు. ఒక మోస్తరు ధర గల నేటి ఆంప్లిఫైయర్‌లో, దాని శక్తికి మించి పని చేయించనంత వరకు, అది 0.01 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. స్పీకర్ పని ఇంత సులువైనది కాదు. అయస్కాంతం నడుమ వేలాడే తీగచుట్ట విద్యుత్తుకు స్పందించి, తనకు అతికి ఉన్న కాగితపు శంకువును ముందుకూ వెనక్కూ నెడితే, ఆ శంకువు గాలిని నెడుతుంది. అంటే బరువూ వంగే గుణమూ ఉన్న ఒక వస్తువు సెకనుకు వందల నుంచి వేల సార్లు ఆజ్ఞ ప్రకారం కదలాలి, ఆగవలసిన చోట ఆగాలి. అందుకే గట్టిగా మోగించినప్పుడు మంద్ర స్వరాల దగ్గర స్పీకర్ వక్రీకరణ 1 శాతం దాటడం మామూలు విషయం. మంద్రం నుంచి తారం దాకా అన్ని స్వరాలనూ 3 డెసిబెల్స్‌కు (శబ్దపు మోతాదును కొలిచే ప్రమాణం) మించని హెచ్చుతగ్గులతో వినిపించే స్పీకర్‌ను మంచి స్పీకర్ అంటారు. ఆంప్లిఫైయర్ అంత తేడా చూపితే దాన్ని మరమ్మతుకు పంపుతారు.

దీనికి విరుద్ధంగా కనిపించే వాదం ఒకటి హైఫై లోకంలో చాలాకాలం రాజ్యమేలింది. 1970ల ఆరంభంలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో లిన్ సోండెక్ ఎల్‌పీ12 అనే రికార్డ్ ప్లేయర్‌ను తెచ్చిన ఐవర్ టీఫెన్‌బ్రన్, గాడిలోంచి సూది తీయలేకపోయినదాన్ని తర్వాతి ఏ పరికరమూ తిరిగి తేలేదని, కాబట్టి మూల పరికరం మీదే ముందు ఖర్చు పెట్టాలని ప్రచారం చేశాడు. ఆ కాలానికి ఆ మాటలో బలం ఉంది, ఎందుకంటే రికార్డ్ ప్లేయర్‌లో కూడా శక్తి రూపం మారుతుంది: గాడి వంపుల వెంట సూది కదులుతుంది, ఆ కదలిక విద్యుత్తుగా మారుతుంది. 1982 అక్టోబర్‌లో జపాన్ మార్కెట్లోకి సీడీ ప్లేయర్ వచ్చాక ఈ పరిస్థితి మారింది. సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసిపెట్టిన ధ్వనిని తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని డాక్ అంటారు. ఈనాడు చవక డాక్‌లు సైతం ఆ పనిని చెవి తప్పుపట్టలేనంత శుభ్రంగా చేస్తున్నాయి. కనుక ఫోన్ నుంచో సీడీ నుంచో వినేవారు మూల పరికరం మీద పెద్ద మొత్తం వెచ్చించనవసరం లేదు. ఎమ్మెస్, బాలమురళీకృష్ణ గార్ల పాత ఎల్‌పీలను భద్రపరచుకొని వింటున్నవారి విషయం వేరు. సూదికి ఉండే వజ్రపు మొన సుమారు 500 నుంచి 1,000 గంటల వాడకంలో అరిగిపోతుంది. అరిగిన మొన ధ్వనిని గరుకుగా మార్చడంతో ఆగక గాడులనే కోసివేస్తుంది కాబట్టి, అటువంటి ఇంట మొదటి ఖర్చు సూదికే కేటాయించాలి. వైర్ల గురించి రెండు మాటలు చాలు: ఇంటి వైరింగ్‌కు వాడే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు నాలుగైదు మీటర్ల దూరానికి, 8 ఓమ్‌ల స్పీకర్లకు పూర్తిగా సరిపోతుంది.

మంచి స్పీకర్‌ను గుర్తించడంలో ధర ఎంత నమ్మరాని సూచికో కెనడా జాతీయ పరిశోధన మండలిలో 1980లలో ఫ్లాయిడ్ టూల్ జరిపిన ప్రయోగాల వల్ల స్పష్టమైంది. ఆయన స్పీకర్లను పలుచని తెర వెనుక ఉంచి, శబ్దం హెచ్చుతగ్గులు లేకుండా సమానం చేసి శ్రోతలకు వినిపించగా, వారిలో ఎక్కువమంది స్వరాలన్నిటినీ సమంగా పలికే స్పీకర్లనే మెచ్చుకున్నారు. 1994లో ఆయన, షాన్ ఆలివ్ అనే మరో పరిశోధకుడు కలిసి కొన్ని స్పీకర్లను ఒకసారి దాచి, మరోసారి అవే కంటికి కనిపించేలా పెట్టి వినిపించినప్పుడు, అదే శ్రోతలు ఇచ్చిన మార్కులు మారిపోయాయి. స్పీకర్ల ఎంపికలో కంటి పాత్ర ఇంత ఉందన్న సంగతి కొనుగోలుదారు దుకాణంలో అడుగు పెట్టేముందే గుర్తు చేసుకోదగినది.

స్పీకర్ వదిలిన ధ్వని గదిలో మరోసారి మారుతుంది, ఈ చివరి మార్పు అన్నిటికంటే పెద్దది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్త ఉపన్యాస మందిరం ఒకటి మాట వినబడనంతగా మార్మోగుతుంటే, దాన్ని చక్కదిద్దే బాధ్యత వాలెస్ సబీన్ అనే యువ భౌతిక శాస్త్రవేత్తపై పడింది. ఆయన రాత్రిళ్లు వేరే మందిరం నుంచి సీట్ల మెత్తలు మోయించి తెచ్చి, పరుస్తూ తీస్తూ, ఆర్గాన్ గొట్టం ఊది ఆపిన తరువాత శబ్దం చెవికి వినబడకుండా పోవడానికి పట్టే కాలాన్ని కొలిచాడు. ఖాళీ గదిలో అది 5 సెకన్లకు పైగా ఉండేది. ధ్వని ఆగాక కూడా నిలిచే ఈ మోతనే ప్రతినాదం అంటారు. సిమెంటు గోడలు, శ్లాబు, నున్నని టైల్స్ గల నేటి తెలుగు ఇళ్లలో ప్రతినాదం అధికం. పరుపు, మందపు కర్టెన్లు, నిండైన పుస్తకాల అల్మరా ఉన్న గది అదే స్టీరియోను మరో స్టీరియోలా పలికిస్తుంది.

మెత్తలకు లొంగనిది మంద్రస్థాయి. ఎదురెదురు గోడల మధ్య దూరం ఏ తరంగపు పొడవులో సగానికి సరిపోతుందో ఆ తరంగం గదిలోనే నిలిచి బలపడుతుంది, దాన్ని స్థిర తరంగం అంటారు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిలో ఇవి సుమారు 47, 57 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ఏర్పడతాయి. బేస్ గిటార్ నాలుగో తంతిని రెండో మెట్టు మీద నొక్కి మీటితే వచ్చేది 46 హెర్ట్జ్, మూడో తంతిని ఖాళీగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్ కాబట్టి, ఇళయరాజా పాటలో సమంగా నడిచిన బేస్ వరుస ఇటువంటి గదిలో కొన్ని స్వరాల దగ్గర గుమ్మని ఉబ్బి, పక్క స్వరాల దగ్గర సన్నగిల్లుతుంది. ఇవే స్వరాలు గోడకు ఆనుకొని కూర్చున్నవారికి అతిగానూ, గది నట్టనడుమ కూర్చున్నవారికి బలహీనంగానూ వినిపిస్తాయి. స్పీకర్లను మూలల నుంచి ఒకటి రెండు అడుగులు ముందుకు జరిపి, ట్వీటర్లు, అంటే తారస్వరాలు పలికే చిన్న స్పీకర్లు, చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టి, శ్రోత కుర్చీతో కలిసి మూడు సమాన భుజాల త్రిభుజం ఏర్పడేలా అమర్చితే కలిగే మెరుగు కొత్త ఆంప్లిఫైయర్ తెచ్చే మెరుగు కంటే తరచుగా ఎక్కువ. ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు వైర్లు తారుమారైతే ఒక శంకువు ముందుకు వచ్చేవేళ రెండోది వెనక్కు పోతుంది; మంద్రం పలచబడి, గాయకుడి గొంతు నడుమ నిలవక చెదిరిపోతుంది.

స్పీకర్లకు తగిన బలం అందనప్పుడు మాత్రం ఆంప్లిఫైయర్ వంతు వస్తుంది. ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో దాన్ని దాని సున్నితత్వం అంటారు. 86 డెసిబెల్స్ స్పీకర్‌కు, 89 డెసిబెల్స్ స్పీకర్ అంత గట్టిగా మోగడానికి రెట్టింపు వాట్లు కావాలి. మామూలు మోతాదులో వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే కనుక, శబ్దం పెంచగానే గొంతు చీరుకుపోయినట్టు వినిపిస్తేనే ఆంప్లిఫైయర్‌ను అనుమానించాలి.

30,000 రూపాయల్లో సగానికే దొరికే వాడిన స్పీకర్లు ఆ పూర్తి మొత్తానికి వచ్చే కొత్తవాటికంటే మేలైనవి కావచ్చు, అయితే మంద్రం పలికే పెద్ద శంకువు, అంటే వూఫర్, అంచున ఉండే ఫోమ్ వలయాన్ని ముందుగా పరీక్షించాలి. పదిహేనేళ్లు దాటేసరికి, తేమ ఎక్కువైన కోస్తా ఊళ్లలో ఇంకా ముందే, అది పొడిగా రాలుతుంది. వేలి కొసతో మెల్లగా తాకితే రాలిన వలయాన్ని కొత్తది అతికించి బాగుచేయవచ్చు, ఆ ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి. తర్వాత వైర్లు మార్చి ఒక్కొక్క స్పీకర్‌లో విడివిడిగా ఒకే పాట వినాలి. ఒకదానిలో తాళాల గలగల స్పష్టంగా ఉండి రెండోదానిలో మసకగా ఉంటే దాని ట్వీటర్ కాలిపోయి ఉంటుంది, దానికి సరిజోడు దొరుకుతుందన్న హామీ లేకుండా ఆ జతను ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోరాదు.