రెండు చేతులూ పాడేదాకా

మైపాడులో మా ఇంటి వసారాలో మేనల్లుడు చాప్‌మన్ స్టిక్ సాధన చేస్తున్నాడు.
పది తీగలు. మీటడం లేదు, మెట్ల మీద వేళ్లతో తట్టడమే!
ఎడమ చేతిలో బేస్, కార్డ్స్. కుడి చేతిలో పాట.
అమెరికాలో ఎమ్మెట్ చాప్‌మన్ 1974లో జనంలోకి తెచ్చిన వాయిద్యం.

"రెండూ ఒకేసారి ఎట్టా కుదురుతాయిరా అబ్బయా?"
"ఎడమ చెయ్యి దానంతటదే ఆడేదాకా అదొక్కటే వాయిస్తా అత్తా. తర్వాతే పాట."

మన వీణలోనూ అంతేగా!
నాలుగు తంత్రులు రాగానికి, మూడు తాళానికి.
ఎడమ చెయ్యి గమకం పలికిస్తుంటే, కుడిచేతి చిటికెన వేలు తాళం తీగల్ని మీటుతూనే ఉండాలి.

ఏకాగ్రతంటే ఒక్కదాన్నే పట్టుకోవడం అనుకుంటాం.
అన్నిటినీ కలిపి వినగలగడం కూడా ఏకాగ్రతే అనిపించింది. ఎంత సంతోషమేసిందో!

వీణ, కీబోర్డు నేర్చినవాళ్లూ, మీకు రెండు చేతులూ ఎలా కలిశాయి? చెప్పండి.