మా మిద్దె మీది సూడాన్ పిల్ల

పిల్లల్ని పరాయి దేశానికి చదువుకు పంపిన ఇళ్లు మన వైపు ఊరూరా ఉన్నాయి. పరాయి దేశం నుంచి చదువుకు వచ్చిన పిల్లను ఇంట్లో పెట్టుకున్న ఇళ్లు మాత్రం వెతికితే తప్ప దొరకవు. డాలస్‌లో అయినా మెల్‌బోర్న్‌లో అయినా మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక అపార్ట్‌మెంటు తీసుకుని, కుక్కరు పెట్టుకుని, పప్పూ ఆవకాయతో రెండేళ్లు గడిపి పట్టా పుచ్చుకుంటారు. ఆ ఊరివాళ్ల వంటింట్లో ఏనాడైనా కూర్చున్నారా అని అడిగితే చాలామంది లేదనే అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. రమ్మన్న ఇల్లు ఉంటే కదా వెళ్లడానికి!

అరబ్బీ నేర్చుకుందామని మొరాకోలోని రబాత్‌కో, జోర్డాన్‌లోని అమ్మాన్‌కో వెళ్లే పాశ్చాత్య విద్యార్థులను అక్కడి కుటుంబాల్లో ఉంచే పద్ధతి ఒకటుంది. తరగతిలో నేర్పేది గ్రాంథిక అరబ్బీ. ఇంట్లో తల్లి కొడుకును కేకేసేది, అంగట్లో బేరమాడేది వేరే అరబ్బీ. అది పుస్తకాల్లో దొరకదు, అన్నం దగ్గర కూర్చుంటేనే వస్తుంది. భాషే కాదు, ఒక దేశం మర్యాద, కోపం, బెంగ అన్నీ అక్కడే తెలుస్తాయి. పరాయి దేశంలో చదువుకునేవాళ్లకు కాలేజీ ఎంత ముఖ్యమో ఒక ఇల్లు అంతే ముఖ్యమని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు బెంగళూరులో, మా సొంత వంటింట్లో కలిగింది.

2019-20 ఉన్నత విద్య సర్వే లెక్కల్లో మన దేశంలో చదువుతున్న విదేశీ విద్యార్థులు 49,348 మంది, 168 దేశాలవాళ్లు. రాష్ట్రాల్లో కర్ణాటకది మొదటి స్థానం. పంపే దేశాల్లో నేపాల్, అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, భూటాన్ తర్వాత అయిదోది సూడాన్. కమ్మనహళ్లి, కల్యాణ్ నగర్, హెణ్ణూరు వైపు సాయంత్రం నడిస్తే ఈ లెక్కలు మనుషులై ఎదురవుతాయి. సూడాన్, యెమెన్ పిల్లలు కూరగాయల బండి దగ్గర, జెరాక్సు అంగడి దగ్గర, బస్టాపులో కనిపిస్తూనే ఉంటారు.

మాది కదిరి వైపు. కమ్మనహళ్లిలో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. మిద్దె మీది గది ఖాళీ అయినప్పుడు సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్ నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన అమ్మాయి అడిగింది. అంతకుముందు ఆ పిల్ల తిరిగిన ఇళ్లవాళ్లు కొందరు తాళం తీసి గది చూపించకుండానే పంపేశారట. ఇంటి యజమాని చేయాల్సింది నిజానికి చాలా తక్కువ. ఆ పిల్ల దిగిన ఇరవైనాలుగు గంటల్లోపు పాస్‌పోర్టు, వీసా వివరాలతో అప్పటి ఫారం సి ఆన్‌లైన్లో నింపాలి. వచ్చిన పద్నాలుగు రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్.ఆర్.ఆర్.ఓ.) దగ్గర నమోదు చేసుకోవడం విద్యార్థి పని. మా ఆయన ఓ పూట కూర్చుని మా వంతు కాగితాలు పూర్తి చేశారు.

మొదట్లో ఆ పిల్ల వంట పైన, మాది కింద. దారి తెరిచింది మా అత్త. ఒక పొద్దున జొన్నపిండి పులిసిన వాసన కిందికి వచ్చింది. "పైన జొన్నలు ఏం చేస్తాంది చూద్దాం పా" అని మోకాళ్ల నొప్పితోనే మెట్లెక్కింది. ఆ పిల్ల పులిసిన జొన్నపిండిని పెనం మీద పోసి, చిన్న పలకతో ఒక్క విసురున అటు నుంచి ఇటు లాగుతోంది. కాగితమంత పల్చని అట్టు లేచి వచ్చింది. దాన్ని కిస్రా అంటారట. వాళ్ల ఊళ్లో ఆ పలకను ఖర్జూరపు ఆకుతో చేసుకుంటారు. ఇక్కడ కొబ్బరి మట్ట కోసి చేసుకుంది. మా అత్త పక్కనే కూర్చుని పిండి ముద్ద తీసుకుని, నీళ్లు అద్దుకుంటూ చేత్తో తట్టి జొన్నరొట్టె చేసి చూపించింది. ఒకరికి తెలుగు తప్ప రాదు, ఇంకొకరికి అరబ్బీ, ఇంగ్లీషు తప్ప రావు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా కిందికి దిగలేదు.

తర్వాత వాళ్ల అసీదా చూశాం. అది అచ్చం మన సంగటే. జొన్నపిండిని ఉడుకునీళ్లలో గట్టిగా గెలికి, గిన్నెలో వేసి బోర్లిస్తారు. చుట్టూ కూర పోస్తారు. ఎండబెట్టి దంచిన బెండకాయ పొడితో ఆ కూర జిగురుగా చిక్కబడుతుంది. ఒరుగులు ఎండబెట్టుకునే మా వైపువాళ్లకు అదేమీ వింత కాదు. వింత అయింది తినే తీరు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే తింటారు. మా అత్తకు ఎంగిలి పట్టింపు. ఆ పిల్లకు పంచుకోని అన్నం అన్నమే కాదు. కొన్నాళ్లు ఇద్దరూ మొహమాటపడ్డారు. చివరికి పళ్లెం నడుమ పెట్టి, గరిటెతో ఎవరి కంచంలోకి వాళ్లు తీసుకోవడం అలవాటైంది. అందరం ఒకచోట కూర్చుంటున్నామని ఆ పిల్లకు తృప్తి, ఎంగిలి కాలేదని మా అత్తకు తృప్తి. శనివారం ఇంట్లో నీచు వండబోమని ఆ పిల్ల తెలుసుకుంది. కోడిని హలాల్ అంగట్లోనే కొనాలని మేం తెలుసుకున్నాం. ఒక ఇంట్లో కలిసి బతకడానికి ఇంతకన్నా పెద్ద ఒప్పందాలేమీ అవసరం పడలేదు.

ఆ జొన్న సంగతి ఆ తర్వాత చదివాను. తూర్పు సూడాన్‌లో కసలా ప్రాంతంలో తవ్విన అయిదువేల ఏళ్లనాటి మట్టిపెంకుల మీద సాగు జొన్న అచ్చులు దొరికాయి. సాగుచేసిన జొన్నకు ఇంతవరకూ దొరికిన ఆనవాళ్లలో అతి పాతవి అవే. అక్కడి నేల నుంచి బయల్దేరిన గింజ సముద్రం దాటి వచ్చి రాయలసీమ కరువుల్లో మన తాతముత్తాతల కడుపు నింపింది. మనం మనదే అనుకునే జొన్నసంగటి ముద్ద ఆ దేశం మనకు పెట్టిన అన్నం. ఆ రుణం తలుచుకుంటే గది ఇవ్వడం ఏపాటి?

మనం వాళ్లకు చేసింది కూడా కొంత ఉంది. 1953లో సూడాన్ తొలి పార్లమెంటు ఎన్నికలు నడిపించడానికి మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ వెళ్లారు. ఆ మాట మాకు చెప్పింది ఆ పిల్లే. వాళ్ల తాత చెప్పేవారట.

2023 ఏప్రిల్ 15న, రంజాన్ చివరి పది రోజుల్లో, సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైంది. మొదటిరోజే విమానాశ్రయం దెబ్బతింది. ఆ సాయంత్రం ఉపవాసం విడవడానికి మా అత్త మజ్జిగ కలిపి పెట్టింది. వాళ్లమ్మ ఊరినుంచి పంపిన హిలూ మూర్ ముక్కలు, అంటే మొలకెత్తిన జొన్నతో కాల్చి ఎండబెట్టిన రేకులు, నీళ్లలో నానుతున్నాయి. ఫోను కలవలేదు. ఆ పిల్ల గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు. ఏప్రిల్ 28న, సూడాన్‌లోని మనవాళ్లను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ కావేరి కింద, జెడ్డా నుంచి 362 మందితో విమానం బెంగళూరులో దిగింది. వాళ్లలో మూలికల మందులు అమ్ముకోవడానికి సూడాన్ వెళ్లిన హక్కిపిక్కి తెగవాళ్లు ఎందరో. మనవాళ్లు ఆ పిల్ల దేశం నుంచి క్షేమంగా ఇల్లు చేరారని టీవీలో చూసి ఆ పిల్ల సంతోషించింది. తన వాళ్లు మాత్రం వాద్ మదనీకి పారిపోయారు. డిసెంబరులో అక్కడికీ యుద్ధం రావడంతో పోర్ట్ సూడాన్ చేరారు. బ్యాంకులు మూతపడి డబ్బు రావడం ఆగింది. అద్దె తర్వాత చూసుకుందామన్నాం. హాస్టల్లో ఉండి ఉంటే ఆ రాత్రులు ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చునేవారు?

ఇంటి తోడు వీధిలోనూ కావాలి. ఈ నగరంలోనే 2016 జనవరి 31 రాత్రి, సూడాన్ విద్యార్థి నడిపిన కారు కింద ఒక మహిళ చనిపోయింది. కాసేపటికి ఆ దారిన వచ్చిన టాంజానియా విద్యార్థినిపై గుంపు దాడి చేసింది. ఆ ప్రమాదంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. ఆఫ్రికావాళ్లందరూ ఒకటేనన్న ఆ ఆలోచన పోలీసు కేసులతో పోదు. కూరగాయలాయనకు, పాలాయనకు, పక్కింటివాళ్లకు "ఫలానావాళ్ల ఇంటి పిల్ల" అని తెలిసినప్పుడు పోతుంది. మా వీధిలో ఆ పిల్ల ఇప్పుడు "అవ్వ మిద్దె మీది పిల్ల". సందులో చీకటి పడితే తోడు వచ్చేవాళ్లు ఉన్నారు.

విదేశీ పిల్లల ఫీజులు, అద్దెలు బెంగళూరు తీసుకుంటోంది. వాళ్లకు ఇళ్లు కూడా ఇవ్వాలి. గది ఖాళీగా ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కాగితాలు చూడండి, ఆన్‌లైన్ ఫారం నింపండి, అద్దె ఖరారు చేసుకోండి. తర్వాత భోజనానికి పిలవండి. నెల గడిచి అలవాటయ్యాక చూద్దామనుకోవద్దు, మొదటి వారంలోనే పిలవండి.