తుంచితేనే నిండుగా

అపార్టుమెంట్లలో మొక్కలు పెంచేవాళ్ళు రెండు రకాలు. నీళ్ళు పోసి మొక్కను చూసేవాళ్ళు, మొక్కను చూసి నీళ్ళు పోసేవాళ్ళు. మొదటి రకం వాళ్ళ బాల్కనీల్లో మొక్కలు ఎక్కువగా ప్రేమ వల్లే పోతుంటాయి. అలాంటివాళ్ళు కూడా పెంచగలిగేది ఏదైనా ఉందా అని అడిగితే నేను చూపించేది ఊదారంగు చారల తీగ. సగం కుళ్ళిపోయినా సరే, ఒక్క కొస పచ్చిగా మిగిలితే చాలు, దాంతో మళ్ళీ కుండీ నింపుకోవచ్చు.

నర్సరీలో దీన్ని వాండరింగ్ జ్యూ అంటారు. యూదులను కించపరిచే పాత కట్టుకథ నుంచి పుట్టిన పేరు కాబట్టి బయటి దేశాల్లో చాలామంది ఇప్పుడా మాట మానుకున్నారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ట్రాడెస్కాంటియా జీబ్రినా. జీబ్రినా సంగతి ఆకు మీది చారలే చెబుతాయి. మొదటి సగం వెనక తండ్రీకొడుకులున్నారు, ఇద్దరి పేరూ జాన్ ట్రాడెస్కాంటే. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ దగ్గర ఒకరి తర్వాత ఒకరు తోటపని చూశారు. దేశదేశాల మొక్కలూ గవ్వలూ వింత వస్తువులూ పోగేసి, లండన్ దగ్గర లాంబెత్‌లోని తమ ఇంట్లో పెట్టి, డబ్బు తీసుకుని జనానికి చూపించేవారు. ఆ పోగే చేతులు మారి, 1683లో ఆక్స్‌ఫర్డ్‌లో తెరిచిన ఆష్మోలియన్ మ్యూజియానికి పునాది అయింది. వర్జీనియా నుంచి వాళ్ళ తోటకు చేరిన నీలిపూల మొక్క పుణ్యమా అని వాళ్ళ పేరు ఈ ప్రజాతి మొత్తానికీ నిలిచిపోయింది. మన తీగ సొంతూరు మాత్రం మెక్సికో నుంచి కొలంబియా దాకా ఉన్న తడి అడవుల నేల.

బైపీసీ చదివినవాళ్ళు దీని దగ్గరి చుట్టాన్ని ల్యాబులో చూసే ఉంటారు. రియో ఆకు అడుగు నుంచి ఊదా పొర ఒలిచి, స్లైడు మీద పరిచి, ఉప్పునీళ్ళ బొట్టు వేస్తే కణాల్లోని రంగంతా గోడలను వదిలేసి మధ్యకు ముడుచుకుంటుంది. ఆ రియోను కూడా ఇప్పుడు ట్రాడెస్కాంటియాల్లోనే కలిపారు. ఆ ఊదా, నేరేడుపండుకు రంగునిచ్చే ఆంథోసయనిన్ల చలవే. మన తీగలో వెండి చారల సంగతి వేరు. అక్కడ వెండి రంగు అంటూ ఏదీ లేదు. ఆకు పైపొర కింద చిక్కుకున్న గాలి వెలుతురును వెనక్కి కొడుతుంది, మనకది మెరుపుగా కనిపిస్తుంది.

టబాస్కో అంటే మనకు కారం సాస్ సీసా గుర్తొస్తుంది గానీ అది మెక్సికోలో ఒక రాష్ట్రం. అక్కడివాళ్ళు ఈ తీగను మటాలీ అంటారు. ఆకులు నీళ్ళలో కాచి, వడగట్టి, నిమ్మకాయ పిండి, చక్కెర కలుపుకుని చల్లగా తాగుతారు. నిమ్మరసం పడగానే ఊదా నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. చదివి ఊరుకోండి, మన నర్సరీ మొక్కతో ఆ ప్రయోగం వద్దు. దాని మీద ఏయే మందులు కొట్టారో తెలియదు. పైగా దీని రసం కొందరి చర్మానికి దురద పెడుతుంది, ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే వాటికీ అంతే.

నన్నడిగితే ఇండోర్ ప్లాంట్ అనే మాటే అసలు తంటా. ఇంట్లో పుట్టిన మొక్కంటూ లోకంలో లేదు. ఆ మాట నమ్మి ఈ తీగను టీవీ పక్కన మూలకు చేరిస్తే ఊదా వెలిసిపోయి, చారలు మసకబారి, కణుపుకూ కణుపుకూ మధ్య జానెడు దూరం వస్తుంది. రంగు తగ్గిందని ఎరువు వేస్తారు. రంగు ఎరువులో లేదు, వెలుతురులో ఉంది. వాస్తు కోసం తూర్పు ముఖం ఇల్లు వెతుక్కున్నవాళ్ళు ఇక్కడ అదృష్టవంతులు, ఆ బాల్కనీలో పొద్దుటి ఎండ దీనికి సరిగ్గా సరిపోతుంది. పడమటి బాల్కనీలో ఏప్రిల్, మే ఎండ మాత్రం ఆకును మాడ్చేస్తుంది. కింద పంపు గది పక్కన వాచ్‌మన్ భార్య పాత పెయింటు బకెట్లో గుచ్చిన తీగకు ఉన్న నిగనిగ, పైన పింగాణీ కుండీల్లో దేనికీ లేదు.

నీళ్ళ సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మట్టిలో వేలు గుచ్చి చూడండి, పైన అంగుళం ఆరితేనే పోయండి. కుండీకి అడుగున చిల్లు, ఎర్రమట్టిలో ఇంత కొబ్బరిపొట్టు, కాస్త వర్మీకంపోస్టు ఉంటే చాలు. ఏసీ గాలి తగిలే చోట ఆకు కొసలు ఎండుతాయి. పిండినల్లి పడితే వేపనూనె, సబ్బునీళ్ళు.

అసలు పని కత్తెరది. ఈ తీగను ఎంత బాగా చూసుకున్నా మొదలు దగ్గర ఆకులు రాలిపోతాయి. కొన్నాళ్ళకు కుండీ నడినెత్తి ఖాళీ, చుట్టూ మాత్రం పొడుగాటి పాయలు, బట్టతల మీదికి పక్కజుట్టు దువ్వుకున్న పెద్దమనిషిలా తయారవుతుంది. అయినా కోయడానికి చేతులు రావు. ‘ఇంత పొడుగు పెరిగింది కదా ఆంటీ, పాపం ఎందుకు కోయడం?’ అని పక్కింటమ్మాయి. పొడుగు గొప్ప అనుకోవడం దగ్గరే వస్తోంది చిక్కంతా. కొస తుంచితే కింది కణుపుల్లోంచి పక్కకొమ్మలు వస్తాయి. తుంచిన ముక్కకు కింది ఆకు తీసేసి అదే కుండీలో గుచ్చండి, ఒకటి రెండు కాదు, గుప్పెడు. గాజుగ్లాసు నీళ్ళలో పెట్టినా వారం పది రోజుల్లో తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. పొడుగు తీగ కోయడానికి ప్రాణం ఒప్పకపోతే దాన్నే చుట్టగా మట్టి మీదికి తిప్పి హెయిర్‌పిన్నుతో నొక్కి పెట్టండి, మట్టి తగిలిన ప్రతి కణుపూ వేరు పోస్తుంది. మనీ ప్లాంటయితే దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందంటారు. దీనికి ఆ శ్రమ లేదు, కుండీ పక్కనుంచి నడిచినా ఒక ముక్క విరిగి చేతికొస్తుంది.

ఈ విద్యంతా మన రైతులకు కొత్త కాదు, కాకపోతే వాళ్ళకది తలనొప్పి. పత్తిచేలలో, వేరుశనగ చేలలో వానలు పడగానే లేచే వెన్నదేవికూర ఈ కుటుంబానిదే. తెలంగాణలో ఎన్నాద్రి కూర అని కోసుకొచ్చి పప్పులో వేస్తారు. పీకి గట్టు మీద పడేస్తే తడి తగిలిన కణుపు దగ్గర మళ్ళీ నాటుకుంటుంది, గుంటక తోలితే ముక్క ముక్కా ఒక మొక్కవుతుంది. అది చాలదన్నట్టు భూమి లోపల కూడా పూసి అక్కడే విత్తనం కడుతుంది. చేలో కలుపును మొండిది చేసిన గుణమే బాల్కనీలో మనకు ముద్దొస్తోంది.

గలపాగోస్ దీవుల్లో, దక్షిణాఫ్రికాలో మన ఊదా తీగ కూడా ఇళ్ళు దాటి అడవిలో పడి కలుపైంది. అందుకని తుంచగా మిగిలినవాటిని నాలా గట్టునో ఖాళీ ప్లాటులోనో విసిరేయకండి. డాబా మీద పరిచి, కరకరలాడేదాకా ఎండబెట్టి అప్పుడు చెత్తలో వేయండి. ఎండాకాలమైతే అది తేలిక. వానాకాలంలో అలా కుదరదు, నల్ల ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, పూర్తిగా కుళ్ళేదాకా విప్పకూడదు.